తిన్నయింటి వాసములు

అన్నము పెట్టిన చేతిని దూషించుట పాపమని మన పెద్దలు చెప్పిరి. తిన్నయింటి వాసములు లెక్కించువాడు కృతఘ్నుడని మన సామెత ఘోషించుచున్నది. కాని డబ్బిచ్చి తిన్న కూటికి కృతజ్ఞత యెందుకని నేటి నాగరకుడు ప్రశ్నించుచున్నాడు. సొమ్ము చెల్లించితిని, కూడు దింటిని, అంతటితో ఋణము దీరినదని వాని వాదము. ఈ వాదమెంత డొల్లయో తెలిసికొన గోరువారు అమెరికా దేశమున పేటపేటను గానవచ్చు చైనా వంట కొట్టును చూడవలెను. ఆ దేశపు సామాన్యజనమునకు దానివలె చవుకగా వేడికూడు పెట్టు కొట్లు అరుదు. దానివలె తిట్లు తిన్న కొట్లును అరుదే.

ఆ కొట్టును చూడని పాఠకులకొరకు దాని స్వరూపము కొంత చెప్పుట యవసరము. అమెరికనులు దానిని 'చైనీస్ టేకౌటు' అందురు. తీసికొనిపోయి తినుటకేగాని కూర్చుండి తినుటకు ఏర్పడినది కాదు. ఇరుకైన గది, ఎత్తైన కౌంటరు. కొన్ని పేటలలో ఆ కౌంటరుపై తుపాకిగుండు దూరని దట్టమైన అద్దము. పైన దీపములు వెలుగు పలకలపై వంటకముల ఛాయాచిత్రములు, ప్రక్కన అంకెలు. వంటకము పేరు పలుకరానివాడు అంకె చెప్పిన చాలును. టెలిఫోనున పిలిచినచో అవతలి గొంతు ఏమి కావలెనో యడిగి, 'పది నిమిషములు' అని పెట్టివేయును. ఆ పది నిమిషములలో తీపికారపు పాకమున దొర్లించిన కోడి వేపుడు, దాని ప్రక్క వేపుడన్నము, ఒక ఎగ్ రోల్, సాసు పొట్లములు, జోస్యపు చీటి దాచిన బిస్కత్తు సంచిలో సిద్ధమై యుండును. అందలి వేపుడన్నము రెండు పూటలకు వచ్చును. రాత్రిపాళీ ముగించిన నర్సు, లారీ డ్రైవరు, జీతము చాలని గుమాస్తా, ఇల్లు విడిచి చదువ వచ్చిన విద్యార్థి, వీరందరును ఆ కొట్టును నమ్ముకొని పూట గడుపువారే. ఆ విద్యార్థులలో మన గుంటూరు, కరీంనగరు బిడ్డలును ఉన్నారు. ఆ దేశమున చైనా భోజనశాలలు 40,000 కు పైబడి యున్నవని 2008లో జెన్నిఫర్ లీ యను పత్రికా రచయిత్రి తన గ్రంథమున లెక్క చెప్పెను.

ఇంతమందికి అన్నము పెట్టిన ఈ కొట్టుపై మోపబడిన నేరములు మూడు. ఇంత చవుకగా నమ్ముచున్నాడు గనుక ఇందేదో మోసమున్నదనునది మొదటిది. అజినొమోటో యను విషము కలుపుచున్నాడనునది రెండవది. ఇది నిజమైన చైనా వంటయే కాదనునది మూడవది. ఈ మూడింటిని వరుసగా విచారింతము.

చవుక ఆకాశమునుండి యూడిపడదు. కొనువాడు చెల్లింపని మూల్యమును మరియొకడెవడో చెల్లించుచుండును. టేకౌటు కొట్టున ఆ మూల్యము చెల్లించునది వంటవాని భుజము, వాని భార్య నడుము, వాని బిడ్డల బాల్యము. కొట్టు పగలు పదకొండు గంటలకు తెరచి రాత్రి పదింటివరకో, అంతకు మించియో నడచును. తెరచుటకు ముందే కోడిని కోసి, పిండి పట్టించి, ఒక పర్యాయము వేయించి యుంచవలెను. క్యాబేజీ తరుగవలెను, ఎగ్ రోల్సు చుట్టవలెను. నిన్నటి యన్నము చల్లారి పొడిపొడిగా నుండిననేగాని నేటి వేపుడన్నము కుదరదు. కొలది పాకములను ముందుగా కలిపి యుంచి, వానినే మార్చి మార్చి నూరు వంటకములు దించుదురు. పది నిమిషముల వేగమునకు వెనుక ఇన్ని గంటల చాకిరి యున్నది. ఇనుప మూకుడు క్రింది మంట మన యింటి పొయ్యి మంటకు పదింతలుండును. దానియెదుట పండ్రెండు గంటలు నిలిచినవాని దేహమేమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

భార్య కౌంటరు వద్ద నిలుచును. బడినుండి వచ్చిన కూతురు ఒక మూల లెక్కలు చేసికొనుచు, టెలిఫోను మ్రోగినప్పుడెల్ల పలమున్నర యెత్తు పుస్తకము మూసి ఆర్డరు వ్రాసికొనును. తలిదండ్రులకు ఇంగ్లీషు రాదు గనుక మునిసిపాలిటీ తాఖీదును చదివి చెప్పవలసినదియు ఆ పిల్లయే. ఈ యింటివారి గంటలకు కూలి కట్టి వంటకము ధరలో కలిపినచో ఆ చవుక నిలుచునా? నిలువదు. కాబట్టి చవుకలో మోసమున్నదనువారు ఒక విధముగ నిజమే పలికిరి. మోసపోయినవాడు మాత్రము కొనువాడు కాడు.

వీరు ఈ వృత్తిలోనికే యేల వచ్చిరి? చైనీయుడు పుట్టుకతో వంటవాడా? కాడు. వానికి తక్కిన తలుపులన్నియు మూయబడినవి. అమెరికా ఖండమున తూర్పు పడమరలను గలిపిన రైలుమార్గము 1869లో ముగిసినది. దాని పడమటి భాగమున కొండలు తొలిచి పట్టాలు పరచినవారు వేలకొలది చైనా కూలీలు. పని ముగిసిన తరువాత వారికి దొరకిన బహుమానమేమి? 1871లో లాస్ ఏంజెలిసున వారిని ఉరిదీసిరి. 1885లో వయోమింగునందలి రాక్ స్ప్రింగ్సు గనులవద్ద 28 మందిని చంపిరి. ఈ రెంటికి నడుమ 1882లో చైనా కూలీలు ఆ దేశమున అడుగిడరాదని కాంగ్రెసు శాసించెను. కూలికి ప్రవేశము లేదు గాని వర్తకునికి కలదు. 1915లో ఫెడరలు న్యాయస్థానపు తీర్పుననుసరించి భోజనశాల యజమాని కూడ వర్తకుల కోవలో చేరగలిగెను. అంతట చైనీయులు పది చేతుల డబ్బు కూడబెట్టి భోజనశాలలు తెరువసాగిరి. స్వదేశముననున్న సోదరుని, కుమారుని రప్పించుకొనుటకు శాసనము విడిచిన ఇరుకు సందు అదియొక్కటే. వంటింటి మార్గమును వారికి చూపినది వారి రుచి కాదు, అమెరికా ప్రభుత్వపు చట్టము.

ఆ సందునుగూడ మూయవలెనని ప్రయత్నించినవారు లేకపోలేదు. చైనా హోటళ్ళను బహిష్కరింపుడని కార్మిక సంఘములు ప్రచారము సాగించినవి. శ్వేతజాతి స్త్రీలు అందు పనిచేయరాదు, అడుగిడరాదు అని చట్టములు కోరినవి. ఆ దేశపు కార్మికులకు పెద్ద నాయకుడని పేరొందిన సామ్యుయల్ గోంపర్సు చైనీయుల బహిష్కారమును సమర్థించుచు ప్రకటించిన కరపత్రము 1902లో సెనేటు పత్రములలోనికి ఎక్కినది. దాని శీర్షికలోనే 'మాంసమా, అన్నమా' యను ప్రశ్న కలదు. మాంసము తినువాడు పురుషుడనియు, అన్నము తినువాడు చవుక కూలికి లొంగు హీనుడనియు, వీనితో వాడు పోటీపడజాలడనియు దాని సారాంశము.

అన్నము తినువాడు హీనుడట! ఈ మాట వినిన తెలుగువాని చేతిలోని ముద్ద నోటికి పోవునా? కృష్ణా గోదావరుల నీటితో వరి పండించి, రెండు పూటల అన్నమే బ్రదుకుగా నెంచిన జాతికి ఆ నింద తగులలేదా? తగిలినది. 1917లో అదే కాంగ్రెసు గీచిన నిషిద్ధ మండలమున హిందూదేశము కూడ చేరినది. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున భారతీయుడు అమెరికా పౌరుడగుటకు తగడని అచ్చటి సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 1943లో చైనీయులకు తలుపు కొంచెము తెరచి ఏటికి 105 మందిని రానిచ్చిరి. 1946లో మనకు తెరచి 100 మందికి సెలవిచ్చిరి. చైనావానికంటె అయిదుగురు తక్కువ! 1965 నాటి చట్టముతో గదా ఈ జాతిలెక్కలు తొలగినవి. నేడు డాలసునందును, న్యూజెర్సీయందును లక్షల తెలుగువారు ఇండ్లు కట్టుకొని యున్నారన్న ఆ తలుపు తెరచుకొనుటచేతనే. ఒకే తాళము మనకును, ఆ కౌంటరు వెనుక నిలిచినవానికిని వేయబడెనను సంగతిని మనవారు మరువరాదు.

తలుపు తెరచినను అందరికి తెరువలేదు. గత నలువది సంవత్సరములలో ఈ కొట్లకు వచ్చిన పనివారిలో అనేకులు ఫ్యూజియన్ రాష్ట్రమున ఫూచౌ పరిసరములవారు. 1993 జూను 6వ తేదీని 'గోల్డెన్ వెంచరు' అను ఓడ 286 మందిని మోసికొనివచ్చి న్యూయార్కు తీరమున ఇసుకలో దిగబడెను. చీకటిలో సముద్రమున దుమికినవారిలో పదిమంది మరణించిరి. ఒక్కొక్కరు దొంగత్రోవ దళారులకు 30,000 డాలర్లవరకు బాకీపడి బయలుదేరినవారే. అట్లు చేరినవారు న్యూయార్కు చైనాటౌనునందలి ఉద్యోగపు కొట్లముందు నిలిచి, గోడనంటించిన చీటీలు చూచి, పేరు తెలియని పట్టణమునకు రాత్రి బస్సెక్కుదురు. వారికి పట్టణము పేరుతో పనిలేదు. టెలిఫోను అంకెలలో మొదటి మూడును చూచి ఎంత దూరమో తెలిసికొందురు. ఏ రాష్ట్రమో యెరుగనివాడు, ఎవరో యెరుగనివారికి, తానెన్నడు రుచిచూడని వంటకము వండి పెట్టి బాకీ తీర్చుచున్నాడు. ఇట్టివానిని చూచి, 'వీడు నవ్వడు, కసరుకొనును' అని నిందించువారున్నారు. ఏడు డాలర్ల పొట్లముతో నవ్వు కూడ కొసరుగా పెట్టవలెనా?

ఇక రెండవ నేరము. అజినొమోటో యను పేరు మన యూళ్ళలోను దయ్యము పేరువలె పలుకబడుచున్నది. 1908లో జపాను రసాయన శాస్త్రజ్ఞుడు కికునాయే ఇకెదా సముద్రపు నాచు పులుసులోని రుచిని శోధించి గ్లుటమేటును వేరుపరచెను. టొమేటోలోను, పండిన జున్నులోను ప్రకృతి పెట్టినదియు అదియే. 1968లో రాబర్టు హో మన్ క్వాక్ అను వైద్యుడు 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' పత్రికకు ఒక లేఖ వ్రాసెను. చైనా హోటలున భుజించిన పిదప మెడ వెనుక మొద్దుబారుచున్నది, గుండె దడదడలాడుచున్నది. ఇందుకు కారణము సోయా సాసా, వంట సారాయా, ఈ యుప్పా, లేక సోడియము హెచ్చగుటయా యని ఆయన అడిగెను. అడిగినది ప్రశ్న, లోకము దానిని తీర్పుగా స్వీకరించెను. ఆ పత్రికవారే దానికి చైనా హోటలు పేర ఒక రోగనామము తగిలించిరి. నిఘంటువులు దానిని ఎక్కించుకొన్నవి.

తరువాత జరిగిన పరీక్షలలో, ఏది మందో ఏది కాదో తెలియకుండ ఇచ్చి చూచినపుడు, నిలుకడగల ఫలితమేదియు తేలలేదు. ఆహారము లేక ఒక్కసారిగా మూడు గ్రాములు మ్రింగినచో కొందరికి కొంతసేపు తలనొప్పివంటివి కలుగవచ్చునేగాని, మామూలు వంటలోని పాలు నిరపాయమని అమెరికా ఆహార శాఖ చెప్పుచున్నది. అదే పదార్థమును డబ్బా సూపులలోను, ఆలుగడ్డ చిప్సులలోను పెద్ద కంపెనీలు ధారాళముగా కలిపినవి. ఆ కంపెనీల పేర ఏ రోగమైన వెలసెనా? చిప్సు సంచి ఖాళీచేసిన నోటితోనే చైనావాని అన్నమున విషమున్నదనుట వైద్యమా, ద్వేషమా? 2020లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువువారు ఆ రోగనామపు అర్థమును సవరించిరి. నిఘంటువు దిద్దుకొన్నది, నాలుకలు దిద్దుకొనలేదు. నూనె, ఉప్పు, చక్కెర హెచ్చనుట వేరుమాట. అది నిజము. ఆ నిజము ఆ వీధిలోని హాంబర్గరు అంగడికిని, మన మిఠాయి కొట్టునకును సమానమే.

మూడవ నేరము పండితమ్మన్యులది. వీరు బీజింగు చూచి వచ్చినవారు. కాకున్న చూచినవారి పుస్తకములు చదివినవారు. జనరల్ త్సో కోడి చైనాలో లేదట, జోస్యపు బిస్కత్తు జపానువారిదట, ఆ తెల్లని కాగితపు పెట్టె 1894లో చికాగో వాసి పేటెంటు పొందినదట. అన్నియు నిజమే. హునాన్ రాష్ట్రమున బుట్టిన పెంగ్ చాంగ్-క్వె అను వంటవాడు తైవానునకు ప్రవాసము పోయి, 1950 ప్రాంతమున ఆ కోడి వంటకమును కల్పించెను. పందొమ్మిదవ శతాబ్దపు సేనాని పేరు దానికి పెట్టెను. న్యూయార్కున అది అమెరికనుల జిహ్వకు తగినట్లు తీపెక్కెను. ఇందు అవమానమేమున్నది? ఇల్లు విడిచినవాడు పొరుగువాని నాలుక నెరిగి వండుట కల్తీ కాదు, నేర్పు.

మన యావకాయలో కారము ఎక్కడిది? మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి యోడలలో దిగినది గాదా? విజయవాడ బందరు రోడ్డుమీదను, హైదరాబాదు సందులలోను సాయంకాలము బండ్లచుట్టు మూగి మనవారు తిను మంచూరియా యే మంచూరియాలో పుట్టినది? కలకత్తా చైనీయ కుటుంబమున బుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో దానిని సృష్టించెనని ప్రసిద్ధి. అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరప దంచి మన నోటికి నచ్చునట్లు చేసినందుకు మన మాయనను మెచ్చితిమి. అదే పని అమెరికాలో చేసినవానిని దొంగవంటవాడని యెట్లందుము?

మాటల నేరము మాటలతో పోవదు. అది చేతులలోనికి దిగును. వస్తువు చవుక, అమ్మువాడు చవుక, వాని ప్రాణము చవుక అని తలంపు మెట్టు మెట్టుగా దిగును. 2000 సెప్టెంబరులో న్యూయార్కునందలి క్వీన్సు విభాగమున కొందరు కుర్రవాండ్రు 60 డాలర్ల భోజనము తెమ్మని టెలిఫోను చేసి, తానే మోసికొనివచ్చిన కొట్టు యజమానిని కొట్టి చంపిరి. ఆ పొట్లము కొరకే చంపిరి. 2022 ఏప్రిలులో అదే క్వీన్సున సైకిలు వంటి మోటారు బండిపై అన్నము మోయు ఒక నడివయసు చైనీయుని కాల్చి చంపిరి. కొన్ని నెలల క్రిందట సాసు పొట్లములు చాలలేదని ఆ కొట్టుతో తగవు పెట్టుకొన్నవాడే ఈ పని చేసెనని పోలీసులు అభియోగము తెచ్చిరి. సాసు పొట్లములు! మరి కౌంటరుపై గుండు దూరని అద్దమెందుకని అడుగువారికి ఇంకేమి సమాధానము కావలెను? 2020 ఆరంభమున, అమెరికాలో కోవిడు వ్యాపింపకమునుపే, చైనా హోటళ్ళు జనములేక వెలవెలబోయినవి. వ్యాధి రాకమునుపే నింద వచ్చి కూర్చుండెను.

మనము దీనిని దూరపు కథ యనుకొనరాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రమున ఒలేథా పట్టణమున, దినపు పని ముగించి మిత్రునితో కూర్చున్న ఒక తెలుగు ఇంజనీరును జాతిద్వేషముతో ఒకడు కాల్చి చంపెను. హంతకుడు ఆయన పట్టాలను, జీతమును విచారింపలేదు. చర్మపు రంగునే చూచెను. కౌంటరు వెనుక చైనీయుని చులకనజేయు చూపును, మన యింజనీరును బలిగొన్న చూపును ఒక తల్లి బిడ్డలే.

ఇచ్చట ఒక యాక్షేపణ రావచ్చును. ఆ కొట్ల యజమానులు ధర్మరాజులా? తమ జాతివానిచేతనే గొడ్డుచాకిరి చేయించుకొనరా? చేయించుకొనువారున్నారు. 2008లో న్యూయార్కున ఒక రెస్టారెంటునుండి అన్నము మోసిన 36 మంది పనివారికి, గంటకు రెండు డాలర్లైన ఇయ్యనందుకు, వడ్డీతో 46 లక్షల డాలర్లు చెల్లింపవలెనని ఫెడరలు న్యాయాధిపతి తీర్పు చెప్పెను. ఆ పనివారు దావా వేసి గెలిచిరి. వారికి మా జోహారులు. మేము కోరునది యజమానులకు పూజ కాదు, శ్రమకు గౌరవము. దోచుకొను యజమానిని న్యాయస్థానమునకు లాగుట ధర్మము. ఆ మిషతో వంటవానిని ఈసడించుట ధర్మము కాదు.

క్రొత్తగా మరియొక దళారి బయలుదేరెను. టెలిఫోనునకు మారుగా యాపులు వచ్చినవి. ఆ కంపెనీలు ఒక్కొక్క ఆర్డరుపై నూటికి 15 మొదలు 30 వరకు కమీషను గుంజుకొనసాగినవి. వేడి మూకుడు పట్టనివాడు, క్యాబేజీ తరుగనివాడు, వానలో సైకిలు త్రొక్కనివాడు మూడవవంతుకు చేరువగ మ్రింగుచున్నాడు. 2020లో న్యూయార్కు నగరము ఆ కమీషనుకు హద్దు విధింపవలసి వచ్చినదన్న దోపిడి యెంత ముదిరినదో గ్రహింపవచ్చును. చవుక కూడు కావలెను, కాలు కదుపరాదు, దళారికి మాత్రము అడిగినంత యిత్తుము, ఇది న్యాయమా?

కావున విదేశముననున్న మన సోదరులకు మా మనవి. ఆ కొట్టుకు యాపుద్వారా గాక నేరుగ టెలిఫోను చేయుడు. వీలైనచో నడచిపోయి పొట్లము తెచ్చుకొనుడు. వాననుబడి తెచ్చినవానికి చేతిలో టిప్పు పెట్టుడు, బేరమాడకుడు. అజినొమోటో కథను ఎవరైన యెత్తినచో మౌనము వహింపక ఖండింపుడు. స్వదేశముననున్నవారికి వేరొక మనవి. మన యూళ్ళలో పూటకూళ్ళ యింటి ముసలమ్మను, ఫ్రైడ్ రైసు బండివానిని, ఇడ్లీలమ్ము విధవరాలిని మన మెట్లు పిలుచుచున్నామో, చిల్లర యెట్లు విసరుచున్నామో ఒక్కసారి తలచుకొనుడు. అన్నము నమ్ముకొనుట నీచమను పాత యెన్నిక మన రక్తమునుండి యింకను పోలేదు.

ఆ చైనా కొట్టు మూలను లెక్కలు చేసికొనిన పిల్ల నేడు కళాశాలకు పోయి అకౌంటెంటో ఇంజనీరో యగుచున్నది. తలిదండ్రులకు వయసు మీరుచున్నది. అనేక కొట్లు మూతబడుచున్నవి. మూతబడుటకు ఆ తండ్రి దుఃఖింపడు. బిడ్డ ఈ మంటయెదుట నిలువరాదనియే వాడు ఇన్నేండ్లు నిలిచెను. అతని వ్రతము నెరవేరినది. ఆ కొట్టు తలుపు మూయునాటికైనను, అందు ఇన్నేండ్లు తిన్నవారు వాసములు లెక్కించుట మాని, వండినవాని శ్రమను లెక్కింప నేర్చుకొందురు గాక.